భవిత టీచర్ ఒక్కరి పని కాదు, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం 2025లో ప్రభుత్వం 2,260 ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. అలాంటి పిల్లలు ప్రాథమిక స్థాయిలో పదిమంది ఉంటే ఒక టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. ఆలస్యమైనా సంతోషం. అయితే ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీగా పనిచేస్తున్న నాకు ఈ సంతోషంతో పాటు ఒక భయం కూడా ఉంది.

స్టాఫ్‌రూములో సహిత విద్య, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మిగతావాళ్లతో కలిసి చదవడం, మాట వస్తే, "అది భవిత టీచర్ చూసుకుంటారులే" అంటాం. భవిత కేంద్రాల్లో ఆ పిల్లలకు చెప్పే ప్రత్యేక టీచరన్నమాట. కొత్త పోస్టులు వస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. మాలో చాలామందికి సహిత విద్యంటే పేరు రాసుకోవడం, బడుల వివరాల డేటాబేస్ యూడైస్‌లో ఎక్కించడం, ర్యాంపు ఉందని టిక్కు పెట్టడం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పిల్లలంతా కలిసి చదవాలని చెప్పి ఊరుకోలేదు, వాళ్ల అవసరాన్ని బట్టి బోధన కూడా మారాలంది. మార్చాల్సింది తరగతి టీచరే కదా! వినికిడి తక్కువున్న పిల్ల మా పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. మేమేమో బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతాం. ఇటు తిరగడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

ఇంకో చిక్కు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్. అది ఉన్నవాళ్లే మా లెక్కలో ఉంటారు. అక్షరాలు తారుమారు చేసే పిల్లాడు "మొద్దు"గా మిగిలిపోతాడు. నేర్చుకోవడంలో ఉండే ఆ ఇబ్బంది కూడా చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉందని ఎంతమందికి తెలుసు?

తోటి టీచర్లను తప్పుపట్టడం లేదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు లాక్కొచ్చే బళ్లలో ఫొటోల అప్‌లోడ్ టెన్షనే సరిపోతుంది. శిక్షణ అంటారా, స్లైడ్లు చూసి సంతకం పెట్టి వస్తాం. దాని బదులు చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో భవిత టీచర్ చేత, అలాంటి పిల్లలున్న అసలు తరగతిలోనే మా ముందు పాఠం చెప్పించండి. తర్వాత మాచేత చెప్పించి, తప్పులు దిద్దమనండి.

తనిఖీకి వచ్చే మండల విద్యాశాఖాధికారులు (ఎంఈఓలు) ఎంతమంది చేరారని మాత్రమే అడక్కుండా, ఫలానా పిల్లాడి కోసం నిన్నటి పాఠంలో ఏం మార్చారని అడిగేలా చూడండి. కొత్త టీచర్ల విధుల జాబితా (జాబ్ చార్టు) రాసేటప్పుడు, పిల్లాడి చదువుకు తరగతి టీచరుదే బాధ్యత, ప్రత్యేక టీచరు తోడుగా ఉంటారని అందులో స్పష్టంగా రాయించండి. వాళ్లు విధుల్లో చేరకముందే ఆ ఉత్తర్వు మా బళ్లకు చేరాలి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు