గుమ్మం దగ్గర ఎత్తు తేడా ముందే చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఇంటి నేలల మీద వచ్చిన వ్యాసం చదివాను. హాల్లో టైల్స్, పడకగదిలో ల్యామినేట్ (చెక్కలా కనిపించే నేల పలకలు) వేసుకుంటే బాగుంటుందన్నారు. రంగుల గురించి వివరంగా రాశారు. ఆ రెండూ కలిసే గుమ్మం దగ్గర ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఏళ్ల తరబడి ఫ్లోరింగ్ పనిలో ఉన్నవాణ్ని. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ గుమ్మం గురించే, అందుకే రాస్తున్నాను.

ల్యామినేట్ పలక మందం మామూలుగా 8 మిల్లీమీటర్లు. కింద పరిచే ఫోమ్ షీట్ 2 మిల్లీమీటర్లు. మొత్తం 10. టైల్ ఒక్కటే 10 ఉంటే, దాన్ని అంటించే అడెసివ్ ఇంకో 4 తీసుకుంటుంది. అక్కడే 4 మిల్లీమీటర్ల మెట్టు తయారైంది. అడెసివ్ కాకుండా సిమెంటు మాలు మీద టైల్స్ పరిస్తే తేడా సెంటీమీటర్లలోకి వెళ్తుంది. 4 మిల్లీమీటర్లే కదా అనుకోకండి. పెద్ద మెట్టైతే కంటికి కనబడుతుంది, కాలు లేపుతాం. ఇది కనబడదు. కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే పెద్దవాళ్ల బొటనవేలు సరిగ్గా దానికే తగులుతుంది. వాకర్ చక్రం అక్కడే ఆగుతుంది, మనిషి ముందుకు తూలతారు.

కాబట్టి టైల్స్ వేసే మేస్త్రీ పని మొదలుపెట్టకముందే ల్యామినేట్ ఏదో ఖాయం చేసుకోవాలి. రెండు వైపులా మందాలు కూడి, తక్కువ పడే గదిలో నేలంతా సెల్ఫ్ లెవెలింగ్ సిమెంటుతో, అంటే పోస్తే తనంతట తానే చదునుగా పరుచుకునే సిమెంటుతో, ఆ మేరకు ఎత్తు చేసి, పూర్తిగా ఆరాక పలకలు వేయాలి. కొందరు ఈ ఖర్చు తప్పించడానికి ఫోమ్ షీట్లు రెండు మూడు వరసలు పరుస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. అడుగు వేసిన ప్రతిసారీ పలక కిందికి దిగి లేస్తుంటే దాన్ని పక్క పలకతో కలిపి ఉంచే లాక్‌లు విరిగిపోతాయి.

ఇప్పటికే రెండు నేలలూ వేసేసిన వాళ్లు, అవి కలిసే చోటును కప్పే పట్టీతో సర్దుకోవచ్చు. ఎత్తులు దాదాపు సమానంగా ఉంటే ఇంగ్లిష్ T అక్షరం ఆకారపు పట్టీ చాలు. తేడా ఉంటే ఒక వైపు వాలుగా దిగే పట్టీ కావాలి, ఆ వాలు ఎంత వెడల్పుగా ఉంటే నడకకు అంత మంచిది. తలుపు మూసినప్పుడు పట్టీ సరిగ్గా తలుపు కిందకి రావాలి. అప్పుడు ఏ గదిలోంచి చూసినా అవతలి నేల కనబడదు. తలుపు కింద సందు ఎంత ఉందో కూడా చూసుకోండి, లేకపోతే పట్టీ బిగించాక తలుపు రాసుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది స్క్రూ. ల్యామినేట్ లోపల ఉండేది చెక్క పీచును ఒత్తి చేసిన బోర్డు. గాలిలో తేమ పెరిగితే సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. అందుకే గోడల దగ్గర, గుమ్మం దగ్గర 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతాం. పట్టీ పని ఆ ఖాళీని కప్పడమే, పలకను పట్టి ఉంచడం కాదు. గట్టిగా ఉంటుందని పలకలోంచి స్క్రూ దింపితే అది కదలలేదు. తేమ పెరిగే రోజుల్లో గది మధ్యలో నేల ఉబ్బుతుంది, పొడి రోజుల్లో పలకల మధ్య సందులు పడతాయి. అప్పుడు అందరూ ల్యామినేట్ నాసిరకం అంటారు, నాకు చాలా బాధేస్తుంది. పట్టీ అడుగు భాగం ఆ ఖాళీలో, కింది కాంక్రీటుకే బిగించాలి. టైల్ వైపు అంచున సన్నగా సిలికాన్ పెడితే తడిగుడ్డ నీళ్లు లోపలికి దిగవు. నీళ్లు దిగి అంచు ఒక్కసారి ఉబ్బిందంటే ఆ పలకను మార్చాల్సిందే.

ఈసారి ఇంటి పేజీలో గుమ్మం దగ్గర నేలను నిలువుగా కోసినట్టు ఒక బొమ్మ వేయండి. టైల్, అడెసివ్, పలక, ఫోమ్, వీటి మందాలు పక్కనే రాయండి. చదివినవాళ్లు దాన్ని కత్తిరించి పని మొదలయ్యే రోజు మేస్త్రీ చేతిలో పెట్టొచ్చు.

– ఫ్లోరింగ్ పనిచేసే ఒక పాఠకుడు