పలాస జీడి కార్మికుల కూలి విషయమై శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

మా లా కాలేజీలో కార్మిక చట్టాలు చదువుతూ, 2019 వేతనాల కోడ్ 12వ సెక్షన్ దగ్గరకు వచ్చేసరికి నాకు పలాస జీడి పరిశ్రమే గుర్తుకొచ్చింది. చేసిన పనిని బట్టి కూలి తీసుకునేవారికి విడిగా కనీస రేటు నిర్ణయించనప్పుడు, పనిచేసిన కాలానికి నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా చెల్లించాలన్న 1948 నాటి కనీస వేతనాల చట్టంలోని నియమాన్నే ఆ సెక్షన్ కొనసాగించింది. జీడి రసానికి వేళ్లు నల్లబడి తోలు ఊడుతున్నా కిలోల లెక్కన పని చేసే ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పేదెవరు? పరీక్షలో రాసి మరిచిపోవడానికే అయితే (మాలో చాలామంది చేసేది అదే లెండి) ఈ పాఠం వారికేమీ ఒరగబెట్టదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కనుక పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో, పని వదిలే సాయంత్రం వేళ, కార్మిక శాఖ అధికారి పర్యవేక్షణలో లా విద్యార్థులు అర్జీలు రాసిపెట్టే కేంద్రాన్ని ఏర్పాటు చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని,
శ్రీకాకుళం