గ్రహణం వేళ బడి కిటికీలు మూయించకండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. 2027 ఆగస్టు 2 సాయంత్రం సూర్యగ్రహణం ఉంది. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా పట్టపగలే చీకటి పడుతుంది. మన దగ్గర సూర్యుడిలో కొంత భాగమే మరుగవుతుంది. అది సోమవారం, బడి ఉండే రోజు. అందుకే ఈ లేఖ.

2019 డిసెంబరు 26 పొద్దున గ్రహణం పట్టినప్పుడు నేను పనిచేస్తున్న బడికి సగం మంది పిల్లలు రాలేదు. వచ్చినవాళ్లను గదుల్లో కూర్చోబెట్టి కిటికీలు మూసేశారు. బతిమాలి, తొమ్మిదో తరగతి పిల్లల్ని ఓ పదిమందిని బయటికి తీసుకెళ్లాను. సూర్యుడికి వీపు పెట్టి నిలబడమన్నాను. ఎదురుగా గోడ మీద వేపచెట్టు నీడ. రోజూ ఆకుల సందుల్లోంచి గుండ్రంగా పడే ఎండ చుక్కలు ఆ పొద్దున నెలవంకలై కూర్చున్నాయి. ఒకటీ రెండూ కాదు, గోడ నిండా అవే. వంట చేసే అక్కనడిగి బూందీ చిల్లుల గరిటె తెచ్చాం. దాన్ని ఎండకు పట్టుకుంటే, ఒక అమ్మాయి నోటుబుక్కు మీద ఎన్ని చిల్లులుంటే అన్ని నెలవంకలు పడ్డాయి. ఆ పిల్ల వాటి చుట్టూ పెన్సిలుతో గీసుకుంది. కాసేపయ్యాక మళ్లీ అదే పేజీ పెట్టి చూసి, "టీచర్, లావయ్యాయి! చంద్రుడు జరుగుతున్నాడు" అంది. నేనింకా పాఠం మొదలుపెట్టనే లేదు.

సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలో ఉన్న బొమ్మ మా పిల్లలంతా చక్కగా వేస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. "మరి ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదు?" అని అడిగితే మాత్రం తరగతి అంతా నిశ్శబ్దం. కాగితం మీద బొమ్మ బల్లపరుపుగా ఉంటుంది, ఆకాశం అలా ఉండదు. నేను రెండు గాజులు తీసుకుని, ఒకదాంట్లో ఒకటి కాస్త వాల్చి దూర్చి చూపిస్తాను. సూర్యుడు తిరుగుతున్నట్టు మనకు కనిపించే దారి ఒక గాజు, చంద్రుడి దారి ఇంకో గాజు. రెండింటికీ మధ్య వాలు దాదాపు 5 డిగ్రీలు. రెండు గాజులూ రెండే చోట్ల కలుసుకుంటాయి. అమావాస్య నాటికి సూర్యుడూ చంద్రుడూ ఆ కలిసే చోటు దగ్గర ఉంటేనే సూర్యగ్రహణం. పున్నమి నాడు చంద్రుడు అలాంటి చోట ఉంటే భూమి నీడలో పడతాడు, అది చంద్రగ్రహణం. ఆ రెండు చోట్లకే మన సిద్ధాంతులు రాహువు, కేతువు అని పేరు పెట్టుకుని లెక్క కట్టారు. పంచాంగంలో గ్రహణ సమయం ముందే అచ్చవుతోందంటే అది లెక్క వల్లే. గ్రహణం నీడల వల్లే వస్తుందని ఆర్యభటుడు 499 నాటికే రాశాడు కూడా. ఈ మాట చెబితే ఇంట్లో పెద్దవాళ్లు కూడా కోప్పడరు, ఆసక్తిగా వింటారు.

ఇంకో లెక్క పిల్లలకు మహా ఇష్టం. 2009 జూలై 22న వారణాసి, పాట్నా వైపు సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దానికి 18 ఏళ్ల 11 రోజులు కలపమంటాను. 2027 ఆగస్టు 2 వస్తుంది! 18 ఏళ్ల 11 రోజులకోసారి ఇలా తిరిగి తిరిగి వచ్చే ఒకే కుటుంబపు గ్రహణాలివి.

మంత్రి గారూ, ఇది మార్కుల సంగతే అయితే ఇంత రాయను. మా బడిలో పై పెదవి చీలికతో పుట్టిన ఒక పిల్లాడు చదివాడు. మన భాషలో దానికి పేరే గ్రహణం మొర్రి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ కూరగాయలు తరిగానని అత్తింట్లో ఇప్పటికీ అంటారని ఆ తల్లి నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. పెదవి ఏర్పడేది గర్భం దాల్చిన తొలి వారాల్లోనే. అది సరిగా కలవకపోవడానికి వంశపారంపర్యం, కొన్ని మందులు, పొగ వంటి కారణాలుంటాయి. ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదని ఆ తల్లికి ఎవరో ఒకరు చిన్నప్పుడే, బడిలోనే చెప్పి ఉండాల్సింది.

గుడి తలుపులు మూయడం, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచడం ఆలయ సంప్రదాయాలు. వాటి జోలికి నేను పోను. పళ్లెంలో రోకలి నిలబెట్టి గ్రహణ మహిమ అంటే మాత్రం, మామూలు రోజున తరగతిలో నిలబెట్టి చూపిస్తాను.

మన గుంటూరు సంగతి కూడా చెప్పాలి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఇక్కడికే వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటంగా, అంటే రంగురంగుల గీతలుగా, విడదీసి చూశాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని మర్నాడే గుంటూరులోనే నిరూపించాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి మద్రాసు ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ చూశాడు. ఆ వర్ణపటంలో కనిపించిన ఒక పసుపు గీత సోడియానిది కాదని తేలాక, అది కొత్త మూలకానిదని ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుర్తించాడు. అదే హీలియం. భూమ్మీద అది దొరికింది 1895లో. నేను అడిగిన పిల్లల్లో ఒక్కరికీ ఈ కథ తెలియదు. గుంటూరులోనే బ్రాడీపేటలో ట్యూషన్‌కు వెళ్లేవాళ్లకూ తెలియదు.

మిమ్మల్ని కోరేది ఇదీ. 2027 ఆగస్టు 2న పిల్లల్ని త్వరగా ఇళ్లకు పంపేయకుండా, ఆరుబయట గ్రహణం చూపించమని జిల్లా విద్యాధికారులకు (డీఈవోలకు) ముందే ఉత్తర్వు ఇవ్వండి. జూలైలో స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో టీచర్లకు ఒక పూట శిక్షణ పెట్టండి. తల్లిదండ్రుల కమిటీలనూ కూర్చోబెట్టి చెప్పించండి. బడికి కొన్నయినా, సూర్యుణ్ని సూటిగా చూసే అద్దాలకు అంతర్జాతీయ భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 12312-2 ఉన్న గ్రహణం కళ్లద్దాలు పంపండి. ఎక్స్‌రే ఫిల్ములు, చలువ కళ్లద్దాలు, పేడనీళ్ల పళ్లాలు వద్దని ఉత్తర్వులోనే రాయండి. గ్రహణం వేళ సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు. అయితే ఏ రోజైనా సూర్యుణ్ని సూటిగా చూస్తే కంటి వెనక పొర కాలుతుంది, కాలుతున్నప్పుడు నొప్పి కూడా తెలియదు. కళ్లద్దాలు అందకపోతే అట్టముక్కకు గుండుసూదితో పొడిచిన చిల్లు చాలు. దాని కింద పడే సూర్యుడి బొమ్మను చూడాలి గానీ, చిల్లులోంచి సూర్యుణ్ని చూడకూడదు.

ఆగస్టు కదా, మబ్బు పట్టినా పట్టొచ్చు. పడితే 2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. దాన్ని మామూలు కళ్లతోనే చూడొచ్చు.

వీలైతే ఆ సోమవారం సాయంత్రం మీరే మా బడికి రండి. వేపచెట్టు అక్కడే ఉంది, చిల్లుల గరిటె ఇస్తానని వంట అక్క మాటిచ్చింది.

భవదీయురాలు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా