పోలీసులపై ఫిర్యాదును ఆ శాఖ బయటివారే విచారించాలి

సంపాదకులకు నమస్కారం.

లాకప్‌లో ఎవరినో కొట్టారన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఆ తర్వాత జరిగేది ఇంచుమించు ఒకే తీరుగా ఉంటోంది. సంబంధిత ఎస్సైనో, సీఐనో కమిషనరేట్‌కు అటాచ్ చేస్తారు, శాఖాపరమైన విచారణకు ఆదేశిస్తారు, ఆ విచారణలో ఏం తేలిందో మాత్రం బాధిత కుటుంబానికి చాలా సందర్భాల్లో తెలియదు. ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు కొందరు అమెరికాను ఉదహరించి, అక్కడ పోలీసు యూనియన్ల వల్లే తప్పు చేసినవారు తప్పించుకుంటున్నారని, కాబట్టి మన కానిస్టేబుళ్లకు సంఘం హక్కు అన్న మాటే ఎత్తకూడదని వాదిస్తున్నారు. ఉద్యోగ సంఘంలో సభ్యుడిగా పనిచేసి రిటైరైన ప్రభుత్వ ఉద్యోగిగా ఆ వాదనలోని నిజాన్ని నేను కాదనను. కానీ దాని నుంచి వారు తీస్తున్న ముగింపు మన పరిస్థితికి సరిపడదని నా అభిప్రాయం.

అమెరికాలో జరిగింది నిజంగానే ఆందోళన కలిగించేది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి ప్రాణం తీసిన పోలీసు అధికారి డెరెక్ షోవిన్‌పై అంతకుముందే పదికి పైగా ఫిర్యాదులు ఉన్నాయి. అక్కడ చాలా నగరాల్లో యూనియన్లు జీతభత్యాలతో ఆగకుండా, క్రమశిక్షణ చర్యలు ఎలా జరగాలి, పాత ఫిర్యాదుల రికార్డు ఎంతకాలం ఉంచాలి అన్నవాటిని కూడా ఒప్పందాల్లో రాయించుకున్నాయి. ఉన్నతాధికారి డిస్మిస్ చేసినవారిని మధ్యవర్తులు తిరిగి విధుల్లో చేర్చిన సందర్భాలూ తక్కువేమీ కావు. న్యూయార్క్ రాష్ట్రంలో అధికారుల క్రమశిక్షణ రికార్డులను ప్రజల కంట పడకుండా ఉంచిన 1976 నాటి చట్టం 2020 జూన్‌లో గాని రద్దు కాలేదు. ఇంకో సంగతి కూడా గమనించదగ్గది. 2011లో విస్కాన్సిన్ రాష్ట్రం ఉపాధ్యాయులతో సహా ప్రభుత్వోద్యోగుల సామూహిక బేరసారాల హక్కును, అంటే సంఘంగా యాజమాన్యంతో చర్చించి ఒప్పందం చేసుకునే హక్కును, దాదాపుగా తీసేసినప్పుడు పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని మినహాయించింది. పాఠాలు చెప్పే పంతులుకు లేని హక్కు తుపాకీ చేతిలో ఉన్నవారికి మిగిలింది.

మన దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. రాజ్యాంగంలోని 33వ అధికరణ, 1966 నాటి పోలీసు బలగాల హక్కుల నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పోలీసులు కార్మిక సంఘంలో చేరడానికి వీల్లేదు. పోలీసు అధికారుల సంఘాలు ఉన్నా వాటికి సమ్మె చేసే వీలు లేదు. 2024 అక్టోబరులో మన తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్లు, వారి భార్యలు డ్యూటీ విధానం మార్చాలని, ఏక్ పోలీస్ విధానం (అన్ని విభాగాల పోలీసులకూ ఒకే విధానం) కావాలని రోడ్డెక్కితే, కొద్ది రోజుల్లోనే 39 మందిని సస్పెండ్ చేసి, 10 మందిని ఉద్యోగం నుంచి తొలగించారు. కుటుంబంతో గడిపే రోజులు అడిగినందుకు ఇంత వేగంగా చర్య తీసుకోగలిగిన శాఖ, లాకప్ హింస ఆరోపణ వచ్చినప్పుడు ఆ వేగం ఎందుకు చూపదు?

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వద్ద దిశ హత్యాచారం కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. 2022 మేలో ఆ వ్యవహారం మన హైకోర్టుకు వచ్చింది. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లిన మన సమాజమూ ఈ పరిస్థితికి కొంత బాధ్యురాలే. కాల్పులు జరిపినవారికి రక్షణగా బేరసారాలు చేయగల యూనియన్ ఏదీ ఇక్కడ లేదు. సహోద్యోగులే విచారణాధికారులు కావడం, పోస్టింగులు ఎమ్మెల్యేల సిఫారసు లేఖలతో ముడిపడి ఉండటం, ఫిర్యాదు చేసినవాడు మళ్లీ అదే స్టేషన్ పరిధిలో బతకాల్సి రావడం, ఇవే ఇక్కడ తప్పు చేసినవారికి రక్ష.

దీనికి మార్గం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. పోలీసు సంస్కరణల కోసం మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్లో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఒకటి. డీఎస్పీ స్థాయి వరకు ఉన్నవారిపై ఫిర్యాదులను విశ్రాంత జిల్లా జడ్జి నేతృత్వంలోని జిల్లా సంస్థ, ఎస్పీ, ఆపై స్థాయివారిపై ఫిర్యాదులను విశ్రాంత న్యాయమూర్తి నేతృత్వంలోని రాష్ట్ర సంస్థ విచారించాలని, వాటి సిఫారసులను శాఖ పాటించి తీరాలని కోర్టు స్పష్టంగా చెప్పింది. మానవ హక్కుల కమిషన్‌కు లేని బలం ఇదే, ఎందుకంటే ఆ కమిషన్ చేసేది సిఫారసు మాత్రమే. అయినా మన రాష్ట్రంలో ఈ సంస్థ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. అంతకన్నా ముందే, 1979లో జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదికలో కానిస్టేబుళ్ల జీతం, ఇల్లు, వారి బాధల పరిష్కారాన్నీ, పోలీసులపై వచ్చే ఫిర్యాదుల విచారణనూ కలిపే చర్చించింది. పదహారు గంటలు నిలబెట్టిన మనిషి ఎదుటివారితో మర్యాదగా మాట్లాడాలని కోరడంలో న్యాయం లేదని ఆ కమిషన్ గ్రహించిందని నేను అనుకుంటాను. మనం మాత్రం ఆ రెండింటినీ విడదీసి, ఏదీ చేయలేదు.

కెమెరాల సంగతీ చెప్పాలి. ప్రతి పోలీసు స్టేషన్‌లో ధ్వనితో సహా రికార్డు చేసే సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగులను పద్దెనిమిది నెలలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ నుంచి మన వీధులన్నీ చూడగలిగినప్పుడు, లాకప్ గది ముందున్న కెమెరా రికార్డింగు బాధితుడి లాయరుకు అందడం కష్టం కాకూడదు.

సంఘం హక్కు ఇస్తే ప్రభుత్వాన్ని లొంగదీసుకుంటారన్న భయం కూడా అతిగానే ఉంది. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసి కూడా, ప్రభుత్వంలో విలీనం అన్న ప్రధాన డిమాండ్ నెరవేరకుండానే విరమించాల్సి వచ్చింది. అయితే బస్సు డ్రైవరుకు ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు కాబట్టి, పోలీసు సంఘానికి హద్దు గీయాలన్నది నేనూ ఒప్పుకుంటాను. డ్యూటీ గంటలు, వారాంతపు సెలవు, క్వార్టర్లు, బదిలీల గురించి చర్చించే గుర్తింపు పొందిన వేదిక కానిస్టేబుళ్లకు ఉండాలి. ఫిర్యాదుల విచారణ, సస్పెన్షన్, సర్వీసు రికార్డులో నమోదు అయ్యే శిక్షలు మాత్రం ఆ వేదికతోనైనా, ఉన్నతాధికారులతోనైనా బేరానికి రాకూడదు. ఫిర్యాదుల ప్రాధికార సంస్థకు పోలీసు శాఖతో సంబంధం లేని దర్యాప్తు సిబ్బందిని ఇచ్చి, దాని చిరునామా, ఫోన్ నంబరు ప్రతి స్టేషన్ గోడ మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించి, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎంతమందిపై చర్య తీసుకున్నారో ఏటా శాసనసభ ముందు ఉంచేలా ప్రభుత్వం ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్