పేరు వద్దన్న ప్రూఫు రీడరు గారికి

బరంపురం తెలుగు కథల సంకలనానికి ప్రూఫులు దిద్దిన పర్లాకిమిడి పెద్దాయనకు మా అందరి నమస్కారాలు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. చేసిన పని మాత్రం చెప్పుకోవాలి.

అను అనే పాత తెలుగు ఫాంటులో ఉన్న కథల్ని ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు జారిపోతాయి, కొన్నిచోట్ల పక్క అక్షరానికి అంటుకుంటాయి. ఆయన మూలప్రతి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూశారు. అంతకన్నా విలువైన పని ఇంకొకటి చేశారు. 'వచ్చీసినాడు', 'ఎల్లిపోనాడు' లాంటి మాటల్ని తప్పులనుకుని దిద్దేయకుండా సంభాషణల్లో అలాగే ఉంచి, కథనంలో దొర్లినచోట మాత్రం ఎర్రసిరాతో చుట్టారు. మన ఊళ్ల యాస అచ్చులో నిలిచిందంటే ఆ జాగ్రత్త వల్లే.

పేజీల లెక్కా ఆయనదే. ఒకేసారి అచ్చయి మడతపడే పెద్ద కాగితమే ఫారం; ఫారానికి 16 పేజీలు. 132 వస్తే తొమ్మిదో ఫారంలో 12 పేజీలు ఖాళీ, కాగితం దండగ. పేరాల చివర ఒంటరిగా మిగిలిన మాటల్ని పై వరుసలోకి లాగి 128కి, అంటే సరిగ్గా 8 ఫారాలకు కుదించారు. అక్షరం సైజు మాత్రం తగ్గించనివ్వలేదు. చదివేవాళ్లలో పెద్దవయసు వాళ్లే ఎక్కువ కదా.

పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు రుసుము లేదని, రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీకి నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పిందీ ఆయనే. అయ్యా, మీ ప్రతులు రెండు తపాలాలో వేశాం.