బొట్టుకి రెండు వేళ్ల పైన

అమ్ములూ,

సైకిల్ కొన్నావు, నార్సింగి నుంచి ఆఫీసుకి దాని మీదే వెళ్తానంటున్నావు. చాలా సంతోషం. హెల్మెట్ సంగతి అడిగితే మాత్రం "అక్క స్కూటీ హెల్మెట్ ఇక్కడే ఉందిగా నాన్నా" అనేశావు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

స్కూటీ హెల్మెట్ మోటారు బండి వేగానికి తయారైంది. దాని మీద కనిపించే ఐఎస్ఐ గుర్తు, పక్కన ఐఎస్ 4151 అనే అంకె, మోటారు సైకిల్ హెల్మెట్లకి ఇచ్చేవి. బరువు కిలో అటూ ఇటూ ఉంటుంది, గాలి దూరే సందు తక్కువ. సైకిల్ మీద ఇంజను పని నువ్వే చేస్తావు, ముందుకి వంగి కూర్చుంటావు. ఆ బరువంతా మెడ మీద పడుతుంది, లోపల చెమట కారిపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ హెల్మెట్ తల మీంచి హ్యాండిల్ మీదకి మారుతుంది. సైకిల్ హెల్మెట్ 250 నుంచి 350 గ్రాములే ఉంటుంది, పైన పొడుగాటి కంతలు ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమన్నది మోటారు సైకిళ్ల వాళ్లని. సైకిల్ తొక్కేవాళ్లని పోలీసు ఆపడు, ఫైను పడదు. అంటే అడిగేవాళ్లు లేరు, నీ జాగ్రత్త నీదే.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకో, మిగతా నియమాలన్నీ అందులోంచే వస్తాయి. టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్ ముక్క ఒకటి తీసుకుని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. గుంట పడుతుంది, వేలు తీసినా గుంట అలాగే ఉండిపోతుంది. దాన్ని విరిస్తే సగ్గుబియ్యంలా గుండ్రటి గింజలు కనిపిస్తాయి. ఒక్కో గింజలో గాలి గదులుంటాయి, నొక్కినప్పుడు వాటి గోడలు నలిగిపోతాయి. సైకిల్ హెల్మెట్ లోపల ఉండేది ఇదే పదార్థం, ఇంకాస్త చిక్కగా, రెండు మూడు సెంటీమీటర్ల మందాన. దాన్నే ఈపీఎస్ అంటారు. పైన మెరిసే రంగు పెంకు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ పల్చటి పొర. అది థర్మోకోల్ ముక్కలైపోకుండా పట్టి ఉంచుతుంది, తారు రోడ్డు మీద తల ఇరుక్కోకుండా జారేలా చేస్తుంది. దెబ్బని మింగేది మాత్రం థర్మోకోలే.

లెక్క చూడు. తల మీటరున్నర ఎత్తు నుంచి పడి రెండు సెంటీమీటర్ల దూరంలో ఆగితే, 150ని 2తో భాగించు, సగటున భూమ్యాకర్షణకి 75 రెట్లు జోరు తల మీద పడుతుంది. అదే పడ్డం ఉత్త తలతో సిమెంటు అంచు మీద పడి రెండు మిల్లీమీటర్లలో ఆగితే 750 రెట్లు. తేడా అంతా ఆ కాస్త నలిగే మందంలో ఉంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో చదునైన ఇనుప దిమ్మ మీద చేసే పరీక్ష దాదాపు ఈ మీటరున్నర ఎత్తుదే, గంటకి 19.5 కిలోమీటర్ల వేగంతో సమానం. ఏ క్షణంలోనూ 250 రెట్లు దాటకూడదని హద్దు. అమెరికా సీపీఎస్‌సీ (వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) ప్రమాణం రెండు మీటర్ల ఎత్తు, 300 రెట్ల హద్దు. అక్కడ 1999 మార్చి నుంచి తయారయ్యే ప్రతి సైకిల్ హెల్మెట్‌కీ అది తప్పనిసరి.

అంటే ఇది సైకిల్ మీంచి నువ్వు పడే పడ్డానికి తయారైన వస్తువు: ఇసక మీద చక్రం జారడం, గుంతలో ముందు చక్రం దిగబడడం, ఎవరో కారు తలుపు తెరవడం. లారీ గుద్దితే కాపాడుతుందని ఎవరూ మాటివ్వలేరు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద నీకు కార్ల బెడద ఉండదు. మీ సందు నుంచి ఆ ట్రాక్ దాకా ఉన్న ముక్క జాగ్రత్త, కంకర ఇసకా స్పీడు బ్రేకర్లూ అక్కడే ఉంటాయి. గేటు దగ్గరే పెట్టుకో, ట్రాక్ ఎక్కాక పెట్టుకుందామనుకోకు.

కొనేటప్పుడు ముందు తిరగేసి లోపల చూడు. ఈఎన్ 1078 గానీ సీపీఎస్‌సీ గానీ రాసిన చీటీ ఉండాలి. మామూలుగా దాని మీదే సైజు, ఎప్పుడు తయారైందో ఉంటాయి. బొమ్మల కొట్లలో మోకాలి ప్యాడ్లతో కలిపి స్కేటింగ్ సెట్ అని అమ్మేవి కొన్ని ఉంటాయి. వాటిలో గట్టి ప్లాస్టిక్ డొప్ప, లోపల వంటగిన్నెలు తోమే స్పాంజి లాంటి మెత్తటి ముక్క తప్ప ఇంకేం ఉండదు. స్పాంజి వేలితో నొక్కితే నొక్కుకుని మళ్లీ పైకొస్తుంది. అది తలకి మెత్తగా ఉండడానికి పనికొస్తుంది, దెబ్బకి పనికిరాదు. వాటి జోలికి పోకు. వాడేసినవి కూడా కొనకు, ఎంత చవకైనా సరే. అది ఎన్నిసార్లు కింద పడిందో అమ్మేవాడు చెప్పడు, పెంకు చూస్తే నీకు తెలియదు.

సైజు. కుట్టుపని టేపు తీసుకుని కనుబొమలకి రెండు సెంటీమీటర్ల పైన, చెవుల పైనుంచి, వెనక తల ఎక్కువ ఉబ్బుగా ఉన్న చోటు మీదుగా చుట్టు. రెండు మూడు సార్లు కొలిచి పెద్ద అంకె తీసుకో. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టు. 54 వస్తే 51-55 సైజూ సరిపోతుంది, 54-58 సైజూ సరిపోతుంది. కంపెనీని బట్టి గీతలు మారతాయి కాబట్టి కొట్లో రెండూ పెట్టి చూడాల్సిందే. వెనక ఉండే చక్రం తిప్పి బిగించొచ్చు కదా అని పెద్దది కొనకు. ఆ చక్రం హెల్మెట్ కదలకుండా పడుతుంది, పెద్ద హెల్మెట్‌ని చిన్నది చెయ్యలేదు. చక్రం సగం దాకా బిగిస్తే సరిపోయేది నీ సైజు. చివరంటా బిగించాల్సి వస్తే అది నీది కాదు.

తల ఆకారం ఇంకో మెలిక. కొందరిది గుండ్రం, కొందరిది ముందూ వెనకా పొడుగు. పొడుగు తలకి గుండ్రటి హెల్మెట్ పెడితే నుదుటి మీద నొక్కుతుంది, పక్కల వేలు దూరేంత ఖాళీ ఉంటుంది. అందుకే కొట్లో పట్టీ బిగించుకుని పది పదిహేను నిమిషాలు తల మీదే ఉంచుకుని తిరుగు. తీశాక అద్దంలో నుదురు చూసుకో. అంచు వెంబడి సన్నటి గుర్తు ఉంటే పరవాలేదు. ఒకే చోట ఎర్రగా కమిలితే మోడల్ మార్చు. ఎంత ఖరీదైనదైనా నొప్పి పెట్టే హెల్మెట్ మూడో రోజు నుంచి గోడకి వేలాడుతుంది.

ఇప్పుడు పెట్టుకోవడం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. టోపీలా వెనక్కి వాల్చి నుదురంతా బయటికి వదిలేస్తారు. ముందుకి పడితే మొదట నేలకి తగిలేది ఆ నుదురే. హెల్మెట్ తల మీద సమంగా, నేలకి సమాంతరంగా ఉండాలి. నీ బొట్టుకీ ముందు అంచుకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకంటే ఎక్కువ వద్దు. తల కదపకుండా కళ్లు మాత్రం పైకెత్తితే అంచు కనిపించాలి. కనిపించలేదంటే వెనక్కి జారినట్టే.

తర్వాత వెనక చక్రం బిగించు. పట్టీ పెట్టకుండా తల వంచి ఊపినా హెల్మెట్ ఊడిపోకూడదు. ఆ తర్వాత పక్క పట్టీలు. రెండు వైపులా ముందు పట్టీ, వెనక పట్టీ వచ్చి చెవి కింద ప్లాస్టిక్ బిళ్ల దగ్గర కలుస్తాయి. ఆ బిళ్ల చెవి తమ్మెకి ఒక సెంటీమీటరు కింద ఉండాలి. జూకాలు పెట్టుకునే రోజైతే అవి పట్టీలో చిక్కుకోకుండా తీసి సంచిలో వేసుకో. పట్టీలు ఎక్కడా మెలిక పడకుండా చదునుగా చెంపకి ఆనాలి. గడ్డం కింద బకిల్ పెట్టాక ఒక వేలు దూరేంత సందు చాలు. ఆవలించినట్టు నోరు పెద్దగా తెరువు, హెల్మెట్ కిందకి లాగినట్టు తెలియాలి. తెలియకపోతే ఇంకాస్త బిగించు.

చివర్న అరచేతితో ముందు అంచు పట్టుకుని పైకి, వెనక్కి తోసి చూడు. రెండు సెంటీమీటర్ల కంటే ఎక్కువ వెనక్కి పోతోందంటే ముందు పట్టీలు వదులుగా ఉన్నాయి, బిళ్లని జరిపి వాటిని పొట్టి చెయ్యి. వెనక నుంచి తోస్తే కళ్ల మీదకి దిగుతోందంటే వెనక పట్టీలు బిగించాలి. మొదటిసారి ఇదంతా పావుగంట పడుతుంది. తర్వాత రోజూ బకిల్ పెట్టుకోవడమే. మిగిలిన పట్టీ కొసని రబ్బరు రింగులో దూర్చు. పట్టీ నెమ్మదిగా సాగుతుంది కాబట్టి నెలకోసారి ఈ తోసి చూసే పని మళ్లీ చెయ్యి.

నీ జడ సంగతి వేరే చెప్పాలి. ముడి వేసుకున్నా, క్లచ్చర్ పెట్టుకున్నా హెల్మెట్ పైకి లేచి ముందుకి వాలిపోతుంది. పైగా దెబ్బ తగిలితే క్లిప్పు తలలోకి దిగుతుంది. మెడ దగ్గర వదులుగా ఒకటే జడ వేసుకుని వెనక చక్రానికి కిందుగా వదిలెయ్. సైడు పిన్నులు కూడా ఆఫీసుకి వెళ్లాక పెట్టుకో. పూలు పెట్టుకోవాలనిపించినా అంతే, అక్కడికి వెళ్లాకే. దుమ్ముకి చున్నీ తలా మొహం కలిపి చుట్టుకుని దాని పైన హెల్మెట్ పెడతారు చూడు, స్కూటీ అమ్మాయిలు, అది చెయ్యకు. మడతలు పడ్డ చున్నీ మీద హెల్మెట్ అటూ ఇటూ జారుతుంది, చెవి దగ్గర పట్టీ బిగింపు పోతుంది. దుమ్ము బాధ ఉంటే ముక్కూ నోటికి మాస్కు పెట్టుకో, మెడకి పల్చటి గుడ్డ కట్టుకుని కొస లోపలికి దోపుకో.

కొన్నిటి లోపల పసుపు రంగు పల్చటి ప్లాస్టిక్ పొర వేలాడుతుంటుంది, పేరు మిప్స్. స్వీడన్ స్టాక్‌హోమ్‌లో ఒక న్యూరోసర్జన్, కేటీహెచ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చేసిన పని అది. పడేటప్పుడు తల నేలకి ఏటవాలుగా తగిలి గిర్రున తిరుగుతుంది, ఆ మెలి వల్ల మెదడుకి దెబ్బ. ఈ పొర 10-15 మిల్లీమీటర్లు జారి ఆ తిప్పుడిని కొంత తగ్గిస్తుంది. డబ్బు ఉంటే తీసుకో, నేనే పంపిస్తాను. కానీ సరిగ్గా కూర్చోని మిప్స్ హెల్మెట్ కంటే నీ తలకి అమిరిన మామూలుది మేలని నా అభిప్రాయం. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018 నుంచి సైకిల్ హెల్మెట్లని పరీక్షించి స్టార్ రేటింగు ఇస్తున్నారు, నీకు నచ్చిన మోడల్ ఆ పట్టికలో ఉందేమో చూసుకో. రంగు మాత్రం తెలుపో, పసుపో, నారింజో తీసుకో. ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది, నలుపు కనపడదు.

ఇక దాన్ని చూసుకోవడం. థర్మోకోల్‌కి పెద్ద శత్రువు వేడి. ఎండలో మూసి పెట్టిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది. అక్కడ వదిలేస్తే పెంకు కింద బుడగలు లేస్తాయి, థర్మోకోల్ కుంచించుకుపోతుంది. బుడగ లేచిన హెల్మెట్ ఇక పనికిరాదు. బాల్కనీ ఎండలో ఆరేయకు, గదిలో కొక్కేనికి తగిలించు. రెండో శత్రువు రసాయనాలు. పెట్రోలు, థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవర్ థర్మోకోల్‌ని చూస్తుండగానే కరిగిస్తాయి. పెయింటు వెయ్యకు, ఫెవిక్విక్‌తో ఏదీ అతికించకు. దోమల మందు ఒంటికి రాసుకున్న చేత్తో కూడా పెంకు పట్టుకోకు, అందులో ఉండే డీట్ ప్లాస్టిక్‌ని తింటుంది.

లోపలి మెత్తలు వెల్క్రోతో అంటించి ఉంటాయి. నీది కొబ్బరినూనె తల కాబట్టి వారానికోసారి ఊడదీసి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ వేసి చేత్తో పిండి నీడన ఆరబెట్టు. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా తీసే ముందు ఫోటో తీసుకో. పట్టీలు చెమట ఉప్పు పట్టి అట్టలా అవుతాయి, వాటినీ సబ్బు నీళ్ల గుడ్డతో తుడువు. వాషింగ్ మెషీన్ వద్దు, వేణ్ణీళ్లు వద్దు.

మెత్తలు తీసినప్పుడే టార్చి లైటు ఏటవాలుగా వేసి లోపలంతా చూడు. వెంట్రుకంత పగులు ఉన్నా ఆ వెలుతురులో నీడ గీత కనిపిస్తుంది. గింజలు చప్పిడిగా అణిగి మెరుస్తున్న చోటు ఉందా, పెంకు అంచు థర్మోకోల్ నుంచి విడిపోతోందా, బకిల్ పళ్లు విరిగాయా చూడు. బకిల్ పెట్టి గట్టిగా లాగితే ఊడకూడదు.

పడి తల నేలకి తగిలితే, పైకి గీత కూడా లేకపోయినా, ఆ హెల్మెట్ అయిపోయింది. నలిగిన థర్మోకోల్ కొంత వెనక్కి ఉబ్బి మామూలుగా కనిపిస్తుంది, పెంకు దాన్ని దాచేస్తుంది. రెండోసారి అదే చోట తగిలితే నలగడానికి ఏమీ మిగలదు. ఖరీదు చూసి ఊరుకోకు. దెబ్బ తగలకపోయినా అయిదేళ్లకి మార్చడం మంచిది, రోజూ ఎండా చెమటా తగిలేదానికి ఇంకా ముందే. అమెరికా సీపీఎస్‌సీ అయిదు నుంచి పదేళ్లంటుంది కానీ మన ఎండకి పదేళ్లు నాకు నమ్మకం లేదు. పారేసే ముందు పట్టీలు కత్తెరతో కత్తిరించు. లేకపోతే చెత్తబుట్టలోంచి ఏ పిల్లాడో తీసుకుని పెట్టుకుంటాడు.

అక్క కొడుక్కి కూడా ఒకటి చూడు. చిన్నపిల్లలకి ఈఎన్ 1080 అని వేరే ఉంటుంది, ఆకుపచ్చ బకిల్. ఎక్కడైనా చిక్కుకుని వేలాడితే మెడ బిగుసుకోకుండా దానంతటదే ఊడుతుంది. సైకిల్ దిగి ఉయ్యాల ఎక్కేటప్పుడు మాత్రం ఏ హెల్మెట్టూ తల మీద ఉండకూడదని వాడికి చెప్పు.

ఈ రాత్రే టేపు పెట్టి కొలిచి ఎంతొచ్చిందో నాకు పంపు. ఆదివారం కొట్టుకి వెళ్లినప్పుడు జడ వేసుకునే వెళ్లు, ఆ జడతోనే పెట్టి చూడు.

నాన్న