వార్షిక నివేదిక: పిల్లల చేతికి బండి తాళాలు

గౌరవనీయులైన సభ్యులకు సంఘం కార్యవర్గం తరఫున నమస్కారాలు.

మంచినీళ్ల పైపులైన్, వీధి దీపాలు, వినాయక చవితి, బతుకమ్మ ఖర్చుల వివరాలను జమాఖర్చుల పట్టికలో విడిగా ఇచ్చినందున, ఈ ఏడాది సమావేశాల్లో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్న అంశానికే ఈ నివేదికను పరిమితం చేస్తున్నాము. అది పద్దెనిమిదేళ్లు నిండని మన పిల్లలు బండ్లు నడపడం.

ఈ విషయాన్ని మొదట లేవనెత్తింది తల్లులే. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు ఒకే స్కూటీపై ముగ్గురేసి ట్యూషన్‌కు పోతున్నారని, ఆదివారం సాయంత్రం నల్గొండ పానగల్‌లోని ఉదయ సముద్రం చెరువు వైపు పందేలు వేసుకుంటున్నారని, వారు ఇల్లు చేరేదాకా మనసు మనసులో ఉండడం లేదని చెప్పారు. అయితే చర్చ సాగినకొద్దీ తేలిందేమిటంటే, పిల్లలు చెప్పకుండా బండి తీసిన సందర్భాల కన్నా, పాల ప్యాకెట్‌కో, తాతయ్య మందులకో, చెల్లెను బడి దగ్గర దించి రావడానికో మనమే తాళమిచ్చి పంపిన సందర్భాలు ఎక్కువ. సందు చివరి దాకే కదా అని ఇచ్చిన బండి కొన్నాళ్లకే దేవరకొండ రోడ్డు ఎక్కుతున్నది.

చట్టం ఏమంటున్నదో చాలామందికి తెలియదని గమనించి, సంబంధిత నిబంధనలను సమావేశంలో చదివి వినిపించాము. 16 ఏళ్లు నిండినవారు లైసెన్సుతో నడపగలిగేది 50 సీసీకి మించని, గేర్లు లేని బండి మాత్రమే. మన ఇళ్ల ముందున్న స్కూటీలు ఇంచుమించు అన్నీ 110, 125 సీసీవి కనుక ఆ వెసులుబాటు వాటికి వర్తించదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అవుతారు; మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలల పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు ఉంటాయి. పైగా ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లెర్నింగ్ లైసెన్సు రాదు. జరిమానా మాటకు పెద్దగా చలించని తండ్రులు ఈ చివరి నిబంధన దగ్గర మాత్రం మళ్లీ చదవమన్నారు.

అదే రోజు సభ్యులు తెచ్చిన హెల్మెట్లను బల్లపై పెట్టి చూశాము. ఒకదానికి గడ్డం కింది క్లిప్పు విరిగితే పట్టీని లుంగీ అంచు గుడ్డతో ముడివేశారు. మరొకదానిలో లోపలి థర్మాకోల్ పొడి పొడిగా రాలుతున్నది. చలాన్ తప్పించుకోవడానికి ఇవి సరిపోవచ్చు గాని, తలను కాపాడలేవు. ఐఎస్ఐ గుర్తు ఉన్నవాటినే కొనాలని, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి అని సభ్యులకు తెలియజేశాము.

మన ప్రాంతానికే చెందిన మరో ప్రమాదం వడ్ల ఆరబోత. వానాకాలం, యాసంగి కోతల్లో తిప్పర్తి, మునుగోడు దారుల్లోని ఊళ్ల వద్ద రోడ్డుపై సగం మేర వడ్లు పోసి, రాత్రికి నల్లని పట్టాలు కప్పి, అంచున బండరాళ్లు పెడతారు. హెడ్‌లైట్ వెలుగులో నల్లని తారు మీద నల్లని పట్టా దగ్గరికి వచ్చేదాకా కనబడదు. వడ్లు ఎత్తుకున్నాక కూడా రాళ్లు అక్కడే మిగులుతాయి. ఆరబోసుకోవడానికి కల్లం లేని రైతును నిందించి లాభం లేదు. చీకటి పడ్డాక ఆ దారుల్లో అనుభవం లేనివారిని బండిపై పంపకపోవడం మన చేతిలో ఉన్న పని.

మైనర్లకు తాళాలు ఇవ్వరాదన్న తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందింది. తెల్లవారుజామున ట్యూషన్‌కు ఆటో దొరకదన్న కొందరు తల్లిదండ్రుల అభ్యంతరం న్యాయమైనదే కావడంతో దానిని రిజిస్టరులో నమోదు చేశాము. నెలవారీ కిరాయికి ఒక ఆటోను మాట్లాడుకోవాలని, ట్యూషన్ వేళలను సూర్యోదయం తర్వాతికి మార్చాలని మాస్టర్లను కోరాలని నిర్ణయించాము. ఆటోలో పిల్లలను పంపదలచినవారు పేర్లు, వేళలు ఈ నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వాలి. కిరాయి వాటా ఎంతన్నది ఆ జాబితా చూసి నిర్ణయిస్తాము.